గొడ్డలి పట్టిన సైనికుడి జాడ
(స్మారకోపన్యాస పాఠం)



ఈ గ్రంథాలయంలో ఇవాళ మనం స్మరించుకుంటున్న మాస్టారు మాకు చరిత్ర చెప్పారన్న మాటే గానీ, రాజులూ దండయాత్రలూ ఆయనకు అంతగా పట్టేవి కావు. కరణాల లెక్కలు, ఇనాం రిజిష్టర్లు, గుళ్ళ జమాఖర్చులు చదివించేవారు. పాత కాగితం ఒకటి చేతికిచ్చి, "ఇది ఎవరు రాయించార్రా, ఎందుకు రాయించారు?" అని అడిగేవారు. దానికి జవాబు చెప్పాకే లోపలి సంగతి చదవనిచ్చేవారు. పన్ను వసూలుకు రాసిన కాగితంలో రైతు కష్టం కనబడదు, కానీ అతని పొలం గట్టు కనబడుతుంది, అక్కణ్ణించి మనిషి దగ్గరికి నడవాలి అనేవారు. ఈ సాయంత్రం నేను చెప్పబోయే సంగతి ఆ పాఠానికి కొనసాగింపే. యుద్ధంలో పనిచేసిన ఒక బంధువు జాడ ఎలా తీయాలి అన్నది విషయం. ఆ బంధువు మన ప్రాంతం వాడు కాదు. కెనడాలో న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రపు కోతమిల్లు మనిషి. మా అల్లుడి ముత్తాత.

మా అమ్మాయి అక్కడి కుర్రాణ్ణే పెళ్ళి చేసుకుంది. నేను ఉద్యోగమంతా పాత దస్త్రాల మధ్యే గడిపానని మా వియ్యపురాలికి ఎవరో చెప్పారు. మేం వెళ్ళినప్పుడు ఆవిడ ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు. అందులో రెండు పతకాలు, ఒక ఫోటో, రెండు పోస్టుకార్డులు ఉన్నాయి. "మా తాతయ్య మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళాడు. అయితే యుద్ధం చెయ్యలేదట, చెట్లు కొట్టాడట" అన్నారు, కాస్త మొహమాటంగా. ఆ మొహమాటం ఆ ఇంట్లో మూడు తరాలుగా ఉంది. పక్కింటి పెద్దాయన కందకాల్లో పోరాడాడు, మనాయన అడవిలో రంపం లాగాడు. అందుకని ఎవరూ ఏమీ అడగలేదు, ఆయనా చెప్పలేదు. వియ్యపురాలు అడిగితే కాదనేవాడు తెలుగునాట ఉండడు కదా, నేను పనిలో దిగాను.

యుద్ధానికి కలప

ముందుగా ఆ మొహమాటం సంగతి చూద్దాం. 1914లో మొదలైన యుద్ధం పడమటి రంగంలో కొద్ది నెలలకే కందకాల్లో ఇరుక్కుపోయింది. కందకం గోడలు కూలకుండా గుంజలూ పలకలూ కావాలి. అడుగున మోకాలి లోతు బురద, దాని మీద నడవడానికి చెక్క బల్లలు కావాలి. సొరంగాలకు ఊతకర్రలు, ఫిరంగుల కింద దిమ్మలు, ముళ్ళతీగకు కొయ్యలు, రైలు పట్టాల కింద స్లీపర్లు, లక్షలమందికి బ్యారక్‌లు, ఆసుపత్రులు, చివరికి సమాధుల మీద నాటే శిలువలు, అన్నీ కర్రే.

బ్రిటన్ వాడే కలపలో చాలాభాగం అంతకుముందు ఓడల మీద వచ్చేది. కలప బరువుకంటే చోటు ఎక్కువ తింటుంది. జర్మన్ సబ్‌మెరైన్లు ఓడల్ని ముంచుతున్న రోజుల్లో, ఉన్న చోటు గోధుమలకివ్వాలా, మందుగుండుకివ్వాలా, దుంగలకివ్వాలా అన్న ప్రశ్న వచ్చింది. దుంగల్ని తేవడం మాని దుంగలు కొట్టేవాళ్ళని తెచ్చుకుంటే మేలని బ్రిటన్ తేల్చుకుని, 1916 ఫిబ్రవరిలో కెనడాను అడిగింది. అలెగ్జాండర్ మెక్‌డూగల్ నాయకత్వంలో 224వ ఫారెస్ట్రీ బెటాలియన్ తయారై ఏప్రిల్‌కల్లా ఇంగ్లండులో దిగింది. విండ్సర్ రాజోద్యానం అంచున వర్జీనియా వాటర్ దగ్గర కోత మొదలుపెట్టింది. ఆ ఏడాది నవంబరు 14న ఇలాంటి దళాలన్నిటినీ కలిపి కెనడియన్ ఫారెస్ట్రీ కోర్ ఏర్పాటు చేశారు. యుద్ధం ముగిసేనాటికి అందులో 20 వేలమందికి పైగా ఉన్నారు. ఇంగ్లండు, స్కాట్లండులతో పాటు ఫ్రాన్సులోని జూరా, వోజ్ కొండల్లో, బోర్డో పైన్ అడవుల్లో, నార్మండీలో వాళ్ళ మిల్లులు నడిచాయి.

ఈ దళంలో చేరినవాళ్ళు రకరకాలు. కొందరు పుట్టి పెరిగింది కలప క్యాంపుల్లోనే. కొందరు వయసు మీరినవాళ్ళు, చూపు తగ్గినవాళ్ళు, గాయపడి కాల్బలానికి పనికిరారని వైద్యులు తేల్చినవాళ్ళు. 1918 మార్చిలో జర్మనీ పెద్ద దాడికి దిగాక, వీళ్ళలో గట్టివాళ్ళను వెతికి కొందర్ని కాల్బలానికి మళ్ళించారు కూడా. అంటే అడవికీ కందకానికీ మధ్య గోడేమీ లేదు. ఈ సంగతులన్నీ చెప్పాక మా వియ్యపురాలు, "అయితే ఆయన నరికినవి యుద్ధం నిలబడ్డ కర్రలన్నమాట" అన్నారు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

పతకం అంచు నుంచి దస్త్రం దాకా

ఇక మనిషి. పేరు పెట్టి వెతికితే వందలమంది తగులుతారు. ఆ పేరు ఆ రాష్ట్రంలో మన సుబ్బారావు లాంటిది. పుట్టిన తేదీ మీద ఇంట్లోనే రెండు అభిప్రాయాలు. అలాంటప్పుడు పట్టుకోవలసింది నంబరు. డబ్బాలో ఉన్న వెండి పతకాన్ని ఆవిడ ఎన్నోసార్లు తుడిచారు. ఒకవైపు రాజు బొమ్మ, మరోవైపు గుర్రం మీద మనిషి. పేరెక్కడా లేదన్నారు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అంచు తిప్పి చూస్తే, మందంలో సన్నటి అక్షరాలు వరసగా కొట్టి ఉన్నాయి: నంబరు, హోదా, పేరు, దళం. మొదటి యుద్ధపు బ్రిటిష్ వార్ మెడల్‌కు అదే పద్ధతి. కెనడా సేనలో నంబర్లను దళాలకు వరసలుగా కేటాయించేవారు కాబట్టి, నంబరును బట్టే మనిషి మొదట ఏ బెటాలియన్‌లో చేరాడో చాలావరకు చెప్పవచ్చు.

నంబరు దొరికాక దస్త్రం దొరకడం తేలిక. మొదటి యుద్ధంలో పనిచేసిన 6 లక్షల పైచిలుకు కెనడా సైనికుల వ్యక్తిగత దస్త్రాలను లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడా పుట పుటా స్కాన్ చేయించి, 2018లో ఆ పని పూర్తిచేసింది. ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. మా ముత్తాతగారి దస్త్రం తెరిస్తే మొదట చేరిక పత్రం. వృత్తి: కోతమిల్లు పని. ఎత్తు, ఛాతీ కొలత, కళ్ళ రంగు, మతం. గుర్తుపట్టే మచ్చలన్న చోట ఎడమచేతి చూపుడువేలు కొస లేదని రాసి ఉంది. ఆ ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తెలియదు. ఫోటో తీసి చూశాం. అందులో ఆయన ఎడమచేతిని టోపీ కింద దాచుకుని నిలబడ్డాడు.

తరవాతి కాగితాల్లో ముఖ్యమైనది కదలికల పట్టిక. ఏ ఓడ ఎక్కాడు, సన్నింగ్‌డేల్‌లోని డిపోకి ఎప్పుడు చేరాడు, ఫ్రాన్సుకి ఎప్పుడు దాటాడు, ఏ కంపెనీకి పంపారు, ఎప్పుడు ఆసుపత్రిలో పడ్డాడు, సెలవు మీద ఎప్పుడు వెళ్ళాడు. ఒక్కో వరుస ఒక్కో గుమాస్తా చేతిరాత, సగం పొడి అక్షరాలు. జీతం కాగితం వేరే ఉంది: మామూలు సైనికుడికి రోజుకు 1 డాలరు, పైన 10 సెంట్లు క్షేత్రభత్యం. అందులోంచి నెలనెలా భార్యకు ఎంత పంపాలో రాసిచ్చిన పత్రం, ఇల్లు మారినప్పుడల్లా కొట్టేసి పైన రాసిన ఆవిడ చిరునామాలు. భర్త లేని ఆ రెండేళ్ళలో ఆవిడ పిల్లల్ని వెంటేసుకుని ఎన్ని ఇళ్ళు మారిందో సైన్యం జీతాల విభాగం మనకు చెబుతోంది. ఆవిడ బాధ రాయాలని ఆ గుమాస్తాకు లేదు. మనియార్డరు తిరిగి రాకూడదన్నదే అతని బెంగ. అయినా మనకు పని జరిగింది.

ఇంతవరకూ వచ్చి చాలామంది ఆగిపోతారు. వ్యక్తి దస్త్రంలో మనిషి ఎక్కడున్నాడో ఉంటుంది, ఏం చేశాడో ఉండదు. దానికి కంపెనీ యుద్ధ దినచర్య పుస్తకం చూడాలి. ఇవీ స్కాన్ అయి ఉన్నాయి. సాధారణంగా అధికారుల పేర్లు తప్ప మామూలు సైనికుల పేర్లు అందులో రావు. కాబట్టి పేరు కోసం చూస్తే విసుగొస్తుంది. పని కోసం చదవాలి. మంచు ఎంత పడింది, మిల్లు ఎందుకు ఆగింది, గుర్రాలు ఎన్ని జబ్బుపడ్డాయి, ఎన్ని బోర్డు అడుగుల కోత తీశారు. బోర్డు అడుగంటే అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం. పన్నెండు కలిస్తే మన అడితీల్లో చెప్పే ఘనపుటడుగు ఒకటి. జూరా కొండల మీద లా జూ అడవి ఫ్రాన్సులో పేరుపడ్డ ఫర్ వృక్షాల అడవి. ఫ్రెంచి అటవీశాఖవాళ్ళు సుత్తితో ముద్ర వేసిన మానుల్నే కొట్టాలి. కెనడాలో అంతులేని అడవిని కొట్టడం అలవాటైనవాళ్ళకి, లెక్కపెట్టి పెంచిన అడవిలో లెక్కపెట్టి కొట్టడం కొత్త. మా ముత్తాతగారి పోస్టుకార్డుల్లో ఒకదాని మీద "ఇక్కడ చెట్టుకి ముద్ర ఉంటేనే గొడ్డలి ఎత్తాలి" అన్న అర్థం వచ్చే వాక్యం ఉంది. దినచర్య చదవకముందు ఆ వాక్యం ఇంట్లోవాళ్ళకి బోధపడలేదు.

పక్క శిబిరం

బంధువు కోసం వెతుకుతూ వెళ్ళినవాడికి బంధువు ఒక్కడే దొరకడు. జూరా అడవిలో ఈ కంపెనీల పక్కనే మరో దళం పనిచేసింది. అది నంబర్ 2 కన్‌స్ట్రక్షన్ బెటాలియన్. 1914 నుంచి కెనడాలోని నల్లజాతి యువకులు సైన్యంలో చేరతామని వెళ్తే చాలాచోట్ల తిప్పి పంపారు. చివరికి 1916 జూలై 5న నోవా స్కోషియాలోని పిక్టౌలో వాళ్ళకోసం ఒక దళం ఏర్పాటు చేశారు. చేతికి తుపాకీ బదులు పనిముట్లు ఇచ్చారు. అధికారులు దాదాపు అంతా తెల్లవాళ్ళు. మతగురువు విలియం ఎ. వైట్ ఒక్కడే నల్లజాతి అధికారి. 1917 వసంతంలో వాళ్ళు జూరా చేరి ఫారెస్ట్రీ కోర్‌తో కలిసి చెట్లు కొట్టారు, మిల్లుల్లో పనిచేశారు, రోడ్లు వేశారు, నీళ్ళ ఏర్పాట్లు చూశారు. ఉండటం మాత్రం విడి శిబిరంలో. అక్కడికి దగ్గర్లోని స్యూప్ గ్రామ శ్మశానంలో కెనడా సైనికుల సమాధులున్నాయి. ఆ బెటాలియన్ వాళ్ళవి కూడా అందులో ఉన్నాయి.

మా వియ్యపురాలికి ఈ భాగం చదివి వినిపించినప్పుడు ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "మా తాతయ్య వాళ్ళతో ఎలా ఉండేవాడో?" అన్నారు. కాగితం దానికి జవాబు చెప్పదు. ఊహించి రాయకూడదు. అయితే ఆ అడవి కథ చెప్పేటప్పుడు పక్క శిబిరాన్ని వదిలేసి చెప్పకూడదు. ఆ దళం సంగతి చాలా ఏళ్ళు కెనడా పాఠ్యపుస్తకాల్లోకి రాలేదు. 1980ల్లో కాల్విన్ రక్ అనే సామాజిక కార్యకర్త బతికున్న వృద్ధుల్ని కలిసి, వాళ్ళు చెప్పింది రాసుకుని పుస్తకం వేశాడు. వారసులు పట్టు వదల్లేదు. 2022 జూలై 9న నోవా స్కోషియాలోని ట్రూరోలో కెనడా ప్రధాని ఆ సైనికుల వారసుల ముందు ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పాడు. దస్త్రాలు ఉన్నాయి కాబట్టి, వాటిని అడిగిన కుటుంబాలు ఉన్నాయి కాబట్టి అది సాధ్యమైంది.

రెండో యుద్ధంలోనూ ఇదే తంతు. నేటి బెలీజ్, నాటి బ్రిటిష్ హోండురాస్ నుంచి సుమారు 900 మంది అడవి పనివాళ్ళు 1941, 42ల్లో స్కాట్లండు వచ్చారు. ఉష్ణమండలం నుంచి వచ్చినవాళ్ళు ఆ చలిలో చెక్క గుడిసెల్లో ఉండి కోత కోశారు. 1943లో దళాన్ని రద్దుచేశారు. అధికారుల ఫైళ్ళలో వాళ్ళ మీద ఫిర్యాదులే ఎక్కువ. ఆ దళంలోనే పనిచేసిన ఏమస్ ఫోర్డ్ నాలుగు దశాబ్దాల తరవాత, 1985లో, తన తోటివాళ్ళ కథ తానే పుస్తకంగా రాశాడు. న్యూఫౌండ్‌లాండ్ నుంచి స్కాట్లండు వెళ్ళిన అటవీ దళానిది ఇంకో ఇబ్బంది. యూనిఫాం లేని పౌరులు కాబట్టి సైనిక దస్త్రాల్లో లేరు, మాజీ సైనికుల సౌకర్యాలూ రాలేదు. 2000లో గానీ చట్టం వాళ్ళను గుర్తించలేదు.

కాలిపోయినవి, మిగిలినవి

కెనడా కుటుంబాలది ఒక రకంగా అదృష్టం. బ్రిటన్‌లో మొదటి యుద్ధపు సైనికుల దస్త్రాల్లో సగానికి పైగా 1940 సెప్టెంబరులో లండన్ మీద పడ్డ బాంబులకు కాలిపోయాయి. అమెరికాలో సెయింట్ లూయిస్ దస్త్రాగారానికి 1973 జూలై 12న నిప్పంటుకుని, 1912 నుంచి 1959 దాకా సైన్యం విడిచినవాళ్ళ దస్త్రాల్లో దాదాపు 80 శాతం పోయాయి. అలాంటి చోట వ్యక్తి దస్త్రం మీద ఆశ వదులుకుని దళం కాగితాలు, పతకాల పట్టీలు, ఓడ ప్రయాణికుల జాబితాలు, ఊరి పత్రికలు చూడాలి. ఒక కాగితం తగలబడ్డా అదే మనిషి గురించి ఇంకో ఆఫీసు ఇంకో అవసరానికి రాసుకున్న కాగితం ఎక్కడో ఉంటుంది.

ఇక మన సంగతికి వస్తాను. 1917లో ఫ్రాన్సుకు భారతదేశం నుంచి సుమారు 50 వేలమంది లేబర్ కోర్ మనుషులు వెళ్ళారు. వాళ్ళలో చాలామంది లుషాయ్, ఖాసీ, నాగా కొండలు, సంతాల్ పరగణాల వంటి చోట్ల నుంచి వెళ్ళిన గిరిజనులు. రోడ్లు, పట్టాలు, రేవులు, కలప, అన్ని పనులూ చేశారు. మొత్తం ఆ యుద్ధంలో భారతదేశం నుంచి ఆయుధం పట్టకుండా పనిచేసినవాళ్ళు 5 లక్షలకు పైమాటేనని చరిత్రకారిణి రాధికా సింఘా 2020లో వచ్చిన తన గ్రంథంలో వివరంగా రాశారు. మా అల్లుడి ముత్తాత పతకం వెండిది. అదే బ్రిటిష్ వార్ మెడల్‌ను, అదే రాజు బొమ్మతో, భారత లేబర్ కోర్ వాళ్ళకు కంచుతో చేసి ఇచ్చారు. ఒకే ఫ్రాన్సులో ఒకే రకం దుంగ మోసిన ఇద్దరిలో ఒకరికి వెండి, ఒకరికి కంచు. లోహంలో చూపిన తేడానే కాగితంలోనూ చూపారు. వెండి పతకం వాడికి దంతాల లెక్కతో సహా దస్త్రం ఉంది. కంచు పతకం వాడు చాలాసార్లు ఒక కంపెనీ జాబితాలో ఒక వరుస.

అయినా ఆ వరుసలు కూడా దొరికినప్పుడు ఎంత పని చేస్తాయో పంజాబ్ చూపించింది. లాహోర్ మ్యూజియంలో ఉన్న మొదటి యుద్ధపు గ్రామాల రిజిష్టర్లను స్కాన్ చేసి 2021లో బయటపెట్టడం మొదలుపెడితే, 3,20,000 మంది పేర్లు ఊరి వారీగా లోకానికి తెలిశాయి. లండన్లోనూ కెనడాలోనూ ఉన్న పంజాబీ కుటుంబాలు తాతల పేర్లు వాటిలో చూసుకున్నాయి.

మన జిల్లాల వాళ్ళు రెండు యుద్ధాలకూ వెళ్ళారు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనేది ఊరికే కాదు. మద్రాసు సాపర్లలో, పయనీరు కంపెనీల్లో, రవాణా దళాల్లో మనవాళ్ళున్నారు. 1944-45లో బర్మాలో చిండ్విన్ నది ఒడ్డున కలేవా దగ్గర అడవి టేకుతో వందల పడవలు కట్టి సైన్యానికి సరుకు మోశారు. ఏనుగులు దుంగలు లాగి వంతెనలు కట్టాయి. ఆ యుద్ధరంగంలో రోడ్డు వేసి, వంతెన కట్టి వచ్చిన తాత మన ఇళ్ళలో ఎవరికైనా ఉంటే, "మా తాత మిలిట్రీలో చేశాడు" అన్న ఒక్క మాట తప్ప మనకు ఏమీ తెలిసి ఉండదు. ఏ దళమో తెలియదు, నంబరు తెలియదు.

మొదట ఇంట్లో వెతకండి. రెండో యుద్ధంలో బ్రిటిష్ సైనికులకిచ్చిన పతకాల మీద పేరుండదు. భారత సైనికులకిచ్చిన వాటి అంచు మీద మాత్రం తరచుగా నంబరు, పేరు, దళం కొట్టి ఉంటాయి. కాబట్టి కంసాలికి ఇచ్చేముందు అంచు చూడండి. డిశ్చార్జి సర్టిఫికెట్టు, పే బుక్కు, పింఛను పుస్తకం, ఏది దొరికినా నంబరు రాసుకోండి. ఆ నంబరుతో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్నీ, దళం రికార్డు ఆఫీసునూ అడగవచ్చు. యుద్ధంలో చనిపోయినవాళ్ళ పేర్లు కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంఘం జాబితాలో ఉంటాయి. రంగూన్ స్మారకం మీదే దాదాపు 27 వేల పేర్లున్నాయి. చాలామందికి తండ్రి పేరు, భార్య పేరు, ఊరు, జిల్లా రాశారు. వెతికేటప్పుడు ఊళ్ళ పేర్లను నాటి ఇంగ్లీషు స్పెల్లింగులో వెతకాలి. విశాఖపట్నం వైజాగపటం అవుతుంది, కాకినాడ కొకనాడ, విజయవాడ బెజవాడ, ఏలూరు ఎల్లోర్. మనవాళ్ళ ఇంటిపేరు ఒక్క అక్షరంగా మిగిలి, పేరు చివర ఉన్నది కులమో ఊరో అయి ఉంటుంది. అన్ని రకాలుగా రాసి చూడాలి. ప్రభుత్వ ఫైళ్ళకు జాతీయ దస్త్రాగారం వారి అభిలేఖ్ పటల్ అనే వెబ్‌సైటు ఉంది.

చివరగా ఈ గ్రంథాలయానికి ఒక విన్నపం. ఇక్కడ ఒక రిజిష్టరు తెరవండి. పేరు, నంబరు, దళం, ఊరు, కాగితమో పతకమో ఎవరింట్లో ఉంది, చెప్పినవారు ఎవరు, అంతే. వంటవాడుగా, మోతకూలీగా, రోడ్డు మేస్త్రీగా, చెట్లు కొట్టేవాడిగా వెళ్ళినవాడైనా సరే అదే వరుసలో రాయండి, కింద వేరే పట్టిక పెట్టకండి. పతకాలూ కాగితాలూ ఎవరివి వాళ్ళ దగ్గరే ఉండనివ్వండి, ఫోటో తీసుకుంటే చాలు. ఈ పనికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. ఓపికున్న ఇద్దరు కుర్రాళ్ళు, ఒక మంచి ఫోను ఉంటే సరిపోతుంది. ఈ సభలోనే అలాంటి తాతల మనవలు ఉన్నారని నా నమ్మకం. సభ ముగిశాక కార్యదర్శిగారిని కలిసి మొదటి పేజీ నింపి వెళ్ళండి.